క్యామెల్ కేస్ నుంచి స్నేక్ కేస్‌కి, మళ్లీ వెనక్కి: వెళ్లిన పేరు అదే పేరుగా తిరిగి రావడం లేదు

కాలువగట్టు (ప్రశ్న)

బ్యాకెండ్ పైథాన్, ఫాస్ట్‌ఏపీఐ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అక్కడ పేర్లన్నీ స్నేక్ కేస్ (మాటల మధ్య అండర్‌స్కోర్ గీత). ఫ్రంటెండ్ రియాక్ట్, టైప్‌స్క్రిప్ట్; అక్కడ అంతా క్యామెల్ కేస్ (గీత లేకుండా అతికించి, రెండో మాట నుంచి పెద్ద అక్షరంతో మొదలు). మధ్యలో తిరిగే జేసన్ (డేటా పంపే రూపం) కీలను, అంటే ఫీల్డ్ పేర్లను, మార్చడానికి రెండు ఫంక్షన్లు రాశాం.

తెలుగు లిపిలో రాస్తున్నాం కాబట్టి ముందు గుర్తులు చెప్తాను. మాట ముందు ^ ఉంటే ఆ మాటలో మొదటి అక్షరం పెద్దబడి (క్యాపిటల్). ^^ ఉంటే మాట మొత్తం పెద్దబడి. ఏ గుర్తూ లేకపోతే అంతా చిన్నబడి. అంటే యూజర్_నేమ్ అన్నది క్యామెల్‌లో యూజర్^నేమ్ అవుతుంది.

వెళ్లేటప్పుడు: అండర్‌స్కోర్ దగ్గర విడగొట్టి, మొదటి ముక్కను ముట్టుకోకుండా, మిగతా ముక్కలకి పైథాన్ టైటిల్ మెథడ్ వేసి అతికిస్తున్నాం.

వచ్చేటప్పుడు: పెద్దబడి అక్షరం కనిపించిన ప్రతిచోటా ముందు ఒక అండర్‌స్కోర్ పెట్టి, మొత్తం చిన్నబడి చేస్తున్నాం.

తప్పుతున్నవి ఇవి:

కస్టమర్^^ఐడీ → కస్టమర్_ఐ_డీ
అడ్రస్_1 → అడ్రస్1 → తిరిగి వచ్చేటప్పుడు కూడా అడ్రస్1
జీఎస్‌టీఆర్_3బీ → జీఎస్‌టీఆర్3^బీ → జీఎస్‌టీఆర్3_బీ
_ఐడీ (ఆడిట్ లాగులు మోంగోడీబీలో ఉన్నాయి) → ఫ్రంటెండ్‌కి ^ఐడీ అని చేరుతోంది

ఎర్రర్ రావడం లేదు, అదే అసలు బాధ. ఫీల్డ్ ఖాళీగా సేవ్ అయిపోతోంది. అన్నిటినీ పట్టే రెగెక్స్ (అక్షరాల నమూనాని వెతికే సూత్రం) ఏమైనా ఉందా? లేదా లైబ్రరీ పెట్టుకోవాలా? మార్పిడి ఫ్రంటెండ్‌లో చేయాలా, బ్యాకెండ్‌లోనా?

---

పట్టికపంతులు

అన్నిటినీ పట్టే రెగెక్స్ లేదండి, ఉండే వీలూ లేదు. స్నేక్ నుంచి క్యామెల్‌కి వెళ్లేటప్పుడు అండర్‌స్కోర్ పోతుంది. మాట ఎక్కడ మొదలైందో చెప్పే పని పెద్దబడి అక్షరం మీద పడుతుంది. అంకెకి పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి అడ్రస్_1 లో ఉన్న గీత ఆనవాలు లేకుండా పోతుంది. పోయినదాన్ని ఏ రెగెక్స్ తిరిగి తేలేదు.

అయినా పాత కోడ్‌ని ఒక్కసారి మార్చుకోవడానికి మంచి రెగెక్స్ అవసరమే. పె అంటే పెద్దబడి రేంజ్, చి అంటే చిన్నబడి రేంజ్, అం అంటే అంకెలు అనుకోండి. + అంటే ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ; \1, \2 అంటే మొదటి, రెండో బ్రాకెట్లు పట్టినవి.

మొదటి పాస్: (పె+)(పె చి) → \1_\2
రెండో పాస్: (చి లేదా అం)(పె) → \1_\2
తర్వాత హైఫన్‌ని అండర్‌స్కోర్ చేసి, మొత్తం చిన్నబడి.

రూబీ ఆన్ రెయిల్స్‌లోని అండర్‌స్కోర్ మెథడ్ వాడే పద్ధతి దాదాపు ఇదే. గెట్^^హెచ్‌టీటీపీ^రెస్పాన్స్ తీసుకోండి. మొదటి పాస్‌లో పె+ ఆశగా ఐదు పెద్దబడి అక్షరాలు పట్టేస్తుంది: హెచ్, టీ, టీ, పీ, దాంతోపాటు రెస్పాన్స్‌లోని ఆర్ కూడా. కానీ ఆ వెంటనే ఒక పెద్దబడి, ఒక చిన్నబడి ఉండాలని రెండో బ్రాకెట్ అడుగుతోంది. అందుకని ఒకడుగు వెనక్కి వేసి ఆర్‌ని వదిలేస్తుంది, గీత సరిగ్గా ఆర్ ముందు పడుతుంది. గెట్‌కి, హెచ్‌టీటీపీకి మధ్య గీత రెండో పాస్ పెడుతుంది. ఫలితం గెట్_హెచ్‌టీటీపీ_రెస్పాన్స్. మీ కస్టమర్^^ఐడీ కూడా కస్టమర్_ఐడీగా వస్తుంది.

వెబ్‌లో ఎక్కువగా తిరిగే రూపంలో మొదటి బ్రాకెట్‌లో పె+ బదులు చుక్క (ఏ గుర్తునైనా పట్టేది) ఉంటుంది. చుక్క అండర్‌స్కోర్‌ని కూడా పట్టేస్తుంది కాబట్టి యూజర్_^ఐడీ లాంటి కలగాపులగం పేర్లకి రెండు గీతలు పడతాయి. అది కాపీ చేయకండి.

పై రెగెక్స్ కూడా ఓడిపోయే చోట్లు మూడు.

బహువచనం. ఐడీకి చివర ఇంగ్లీషు ఎస్ తగిలించి, ఐ, డీ పెద్దబడిలో, ఎస్ చిన్నబడిలో రాస్తారు కదా, అక్కడ. డీ పెద్దబడి, ఎస్ చిన్నబడి కాబట్టి అక్కడ కొత్త మాట మొదలైందని మొదటి పాస్ నమ్ముతుంది. యూజర్ ఐడీలు కాస్తా యూజర్_ఐ_డీఎస్ అవుతాయి. యూఆర్ఎల్‌కి ఎస్ తగిలించినా అదే గతి: యూఆర్_ఎల్ఎస్.

పక్కపక్కన రెండు పొట్టిపేర్లు. పేయర్^^యూపీఐ^^ఐడీ. మొత్తం పెద్దబడే కాబట్టి యూపీఐ ఎక్కడ ఆగిందో, ఐడీ ఎక్కడ మొదలైందో గుర్తు లేదు. పేయర్_యూపీఐఐడీ అని వస్తుంది. పేమెంట్ కోడ్ రాసేవాళ్లందరూ ఒకసారైనా దీని దగ్గర ఆగుతారు.

చిన్నబడితో మొదలయ్యే బ్రాండ్ పేర్లు. ఐఓఎస్‌లో ఐ చిన్నబడి, ఓఎస్ పెద్దబడి. ఐఓఎస్^వెర్షన్ కాస్తా ఐ_ఓఎస్_వెర్షన్ అవుతుంది.

ఈ మూడింటికీ మందు రెగెక్స్‌లో లేదు, పేరు పెట్టడంలో ఉంది. పొట్టిపేరుని కూడా మామూలు మాటలాగే రాయండి: పేయర్^యూపీఐ^ఐడీ, అంటే యూపీఐలో యూ ఒక్కటే పెద్దబడి, ఐడీలో ఐ ఒక్కటే పెద్దబడి. అప్పుడు రెండో పాస్ ఒక్కటే చాలు. ఒక్కో భాషలో ఒక్కో ఆచారం ఉన్న మాట నిజమే. పైథాన్ పెప్ 8 (ఆ భాష రాత నియమాల పత్రం) క్లాస్ పేర్లలో పొట్టిపేరు మొత్తం పెద్దబడిలో ఉండాలంటుంది. గో భాషలోనూ ఐడీ, యూఆర్ఎల్ పూర్తిగా పెద్దబడే. డాట్‌నెట్ వాళ్లు రెండక్షరాలైతే రెండూ పెద్దబడి, మూడు అంతకన్నా ఎక్కువైతే మొదటిది మాత్రమే అంటారు. రస్ట్‌లో పొట్టిపేరు ఒక మాట కింద లెక్క. జేసన్ కీల వరకు రస్ట్ పద్ధతే సరైనదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ ఒక్క పద్ధతిలోనే మాటల హద్దు పేరులోనే నిలుస్తుంది. బ్రౌజర్‌లో ఏళ్లుగా ఉన్న ^^ఎక్స్ఎంఎల్^హెచ్‌టీటీపీ^రిక్వెస్ట్ చూడండి: ఒకే పేరులో ఒక పొట్టిపేరు పూర్తి పెద్దబడి, పక్కది మొదటక్షరమే. స్నేక్ కేస్‌కి బాగానే వెళ్తుంది, వెనక్కి మాత్రం అలా రాదు.

ఇక అంకెలు. అక్షరానికీ అంకెకీ మధ్య గీత పెట్టాలనే నియమం చేర్చితే అడ్రస్_1 బాగుపడుతుంది, కానీ షా256 కాస్తా షా_256, ఓఆత్2_టోకెన్ కాస్తా ఓఆత్_2_టోకెన్ అయిపోతాయి. లోడాష్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలోని స్నేక్ కేస్ ఫంక్షన్ ఇలాగే అంకెలను విడగొడుతుంది, రెయిల్స్ విడగొట్టదు. ఒక చివర లోడాష్, ఇంకో చివర మీ సొంత రెగెక్స్ పెడితే ఈ తేడా దగ్గరే డేటా జారిపోతుంది.

జీఎస్‌టీఆర్_3బీ సంగతి వేరు. అక్కడ దోషం టైటిల్ మెథడ్‌ది. అక్షరం కానిదాని తర్వాత వచ్చే ప్రతి అక్షరాన్నీ అది పెద్దబడి చేస్తుంది, కాబట్టి 3 తర్వాతి బీ లేస్తుంది. క్యాపిటలైజ్ మెథడ్ ముక్కలో మొట్టమొదటి గుర్తునే చూస్తుంది. అది 3 కాబట్టి బీ చిన్నబడిలోనే ఉంటుంది. టైటిల్ తీసేసి క్యాపిటలైజ్ పెట్టండి. జీఎస్‌టీఆర్3బీ అని వస్తుంది. గీత పోయే సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

_ఐడీ: విడగొట్టినప్పుడు మొదటి ముక్క ఖాళీ స్ట్రింగ్, రెండోది ఐడీ. ఖాళీదాన్ని మీరు మొదటి మాటగా లెక్కవేసి రెండోదాన్ని పెద్దబడి చేస్తున్నారు. మార్చే ముందు మొదట్లో ఉన్న గీతలు, చివర ఉన్న గీతలు పక్కన దాచి, మధ్యభాగం మాత్రమే మార్చి, మళ్లీ తగిలించండి. చివరి గీత ఎందుకంటే పైథాన్‌లో క్లాస్ లాంటి రిజర్వ్‌డ్ మాటలతో గొడవ రాకుండా క్లాస్_ అని రాసే అలవాటు ఉంది. లోడాష్ క్యామెల్ కేస్ ఈ గీతలు తినేస్తుంది: _ఐడీ ఇస్తే ఐడీ వస్తుంది.

---

రెండోషిఫ్ట్

పంతులు గారు చెప్పినవన్నీ నిజమే, కానీ కాలువగట్టు గారి పనికి రివర్స్ రెగెక్స్ అసలు అక్కర్లేదు. ఫీల్డ్‌లన్నీ మీ మోడల్‌లో ముందే రాసి ఉన్నాయి కదా. స్నేక్ నుంచి క్యామెల్‌కి ఒక్క దిక్కులోనే మార్చండి, ఆ జతలను పట్టికగా ఉంచుకోండి, తిరుగు దారిలో ఆ పట్టికలో వెతకండి. అడ్రస్1 వస్తే పట్టికలో దాని జత అడ్రస్_1 అని రాసి ఉంటుంది. ఊహించాల్సిన పనే లేదు.

పైడాంటిక్ 2 (ఫాస్ట్‌ఏపీఐ డేటా మోడల్స్ కోసం వాడే లైబ్రరీ) సరిగ్గా ఇదే చేస్తుంది; బయటికి కనిపించే మారుపేరుని అలియాస్ అంటుంది. బేస్ మోడల్ ఒకటి పెట్టి, దాని మోడల్ కాన్ఫిగ్‌లో మూడు ఇవ్వండి: అలియాస్ జనరేటర్‌గా టు_క్యామెల్ (పైడాంటిక్‌లోనే అలియాస్ జనరేటర్స్ మాడ్యూల్‌లో ఉంది), పాపులేట్_బై_నేమ్ ట్రూ, ఎక్స్‌ట్రా ఫర్బిడ్. మిగతా మోడల్స్ దాని నుంచి వారసత్వం తీసుకోవాలి. రెస్పాన్స్‌లో ఫాస్ట్‌ఏపీఐ మామూలుగానే అలియాస్ పేర్లతో పంపిస్తుంది. మీరే డంప్ చేస్తే బై_అలియాస్ ట్రూ మర్చిపోకండి.

మూడోదాని గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను. తెలియని కీలను పైడాంటిక్ చప్పుడు లేకుండా వదిలేస్తుంది, ఫీల్డ్ డిఫాల్ట్ విలువ నన్ (ఖాళీ) అని ఉంటే అదే పెట్టేస్తుంది. మీరు చెప్పిన "ఖాళీగా సేవ్ అయిపోతోంది" అన్నది ఇదే. ఫర్బిడ్ పెడితే కస్టమర్^^ఐడీ అని పంపినవాళ్లకి 422 (డేటా చెల్లదనే ఎర్రర్ కోడ్) వస్తుంది, ఏ కీ తప్పో కూడా అందులోనే ఉంటుంది. మొదటి వారం ఎర్రర్లు కుప్పలుగా వస్తాయి. రానివ్వండి.

సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక తనిఖీ పెట్టండి: మోడల్‌లో ఎన్ని ఫీల్డ్‌లున్నాయో అన్ని వేర్వేరు అలియాస్‌లు ఉండాలి. అడ్రస్1, అడ్రస్_1 రెండూ ఒకే మోడల్‌లో ఉంటే రెండూ అడ్రస్1 అవుతాయి, ఒకదాని మీద ఇంకొకటి పడుతుంది. లెక్క కుదరకపోతే సర్వర్ లేవకూడదు.

కాబట్టి మార్పిడి ఒక్కచోటే, బ్యాకెండ్ గుమ్మం దగ్గర. ఫ్రంటెండ్‌లో ఏ కన్వర్టరూ వద్దు. టైప్‌స్క్రిప్ట్ టైపులను ఓపెన్‌ఏపీఐ స్కీమా (బ్యాకెండ్ ఫీల్డ్‌లన్నీ వివరించే ఫైల్) నుంచి జనరేట్ చేసుకుంటే కస్టమర్^ఐడీ బదులు కస్టమర్^^ఐడీ అని టైప్ చేసినవాళ్లని కంపైలరే ఆపుతుంది. ఇతర భాషల్లోనూ ఇదే దారి ఉంది: రస్ట్ సెర్డీలో రీనేమ్_ఆల్, జావా జాక్సన్‌లో ప్రాపర్టీ నేమింగ్ స్ట్రాటజీస్, గోలో ప్రతి ఫీల్డ్ పక్కన జేసన్ ట్యాగ్.

మోడల్ లేని, లోతు తెలియని జేసన్ మీద రికర్సివ్‌గా తిరిగే కన్వర్టర్ ఎక్కడైనా మిగిలితే ఒక ప్రమాదం గుర్తుంచుకోండి. అన్ని కీలూ ఫీల్డ్ పేర్లు కావు, కొన్ని కీలే డేటా. అనువాదాల డిక్షనరీలో టీఈ_^^ఐఎన్ అనేది తెలుగు లొకేల్ కోడ్. కన్వర్టర్ దాన్ని కూడా ఫీల్డ్ పేరనుకుని గీత తీసేస్తే ఆ కోడ్‌తో వెతికినప్పుడు తెలుగు పాఠం దొరకదు, స్క్రీన్ మీద ఇంగ్లీషు కనిపిస్తుంది. ఫైల్ పేర్లు, ప్రొడక్ట్ కోడ్‌లు, పర్మిషన్ పేర్లు కీలుగా ఉన్నచోటా అంతే. అలాంటి డిక్షనరీల పేర్లు ఒక మినహాయింపు జాబితాలో పెట్టి, వాటి లోపలికి దిగకుండా ఆపాలి. ఇంకా మంచిది: డిక్షనరీ బదులు కోడ్, విలువ అనే రెండు ఫీల్డ్‌లున్న లిస్ట్‌గా పంపడం.

వేగం గురించి ఒక్క మాట. 10,000 వరుసలు, వరుసకి 20 కీలు అంటే 2 లక్షల మార్పిడులు, కానీ వేరువేరు పేర్లు 20 మాత్రమే. ఫంక్షన్ మీద ఎల్‌ఆర్‌యూ క్యాష్ (ఇటీవలి ఫలితాలను దాచుకునేది) పెట్టండి. మ్యాక్స్ సైజ్ 1024 లాంటి హద్దు ఉండాలి. హద్దు లేకుండా వదిలితే బయటి నుంచి వచ్చే చెత్త కీలతో మెమరీ పెరుగుతూ పోతుంది.

---

కాలువగట్టు

పట్టిక ఆలోచన తట్టలేదు, ధన్యవాదాలు ఇద్దరికీ. మోడల్స్ అన్నీ బేస్ మోడల్ కిందికి తెచ్చాక అడ్రస్_1, జీఎస్‌టీఆర్_3బీ రెండూ చక్కగా తిరిగి వస్తున్నాయి. ఎక్స్‌ట్రా ఫర్బిడ్ పెట్టగానే మూడు స్క్రీన్లు 422 ఇచ్చాయి, మూడింట్లోనూ ^^ఐడీ అనే రాసి ఉంది.

ఇదే కోవలో ఇంకొకటి అడగాలి. పక్క ప్రాజెక్ట్ జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఉంది, తెలుగు వార్తల సైట్. శీర్షికను కెబాబ్ కేస్ స్లగ్ (యూఆర్ఎల్‌లో పెట్టే పేరు) చేయాలి: మాటల మధ్య హైఫన్. స్లగిఫై ఫంక్షన్‌కి అలౌ_యూనికోడ్ ట్రూ ఇచ్చాం. గోదావరి వరద అని ఇస్తే గదవర-వరద అని వస్తోంది. కడప అని ఇస్తే సరిగ్గా కడప అనే వస్తోంది. రెగెక్స్ మన లిపిని ఎక్కడ విరుస్తోంది?

---

తలకట్టు

గుణింతాలు ఊడిపోతున్నాయండి. కడపలో, వరదలో ఉన్నవన్నీ తలకట్టు అక్షరాలే, వాటికి వేరే గుర్తులేవీ లేవు కాబట్టి అవి క్షేమంగా బయటపడ్డాయి. టెస్టులో అలాంటి మాట రాస్తే టెస్ట్ పాస్ అయిపోతుంది కూడా.

కారణం ఇది. కంప్యూటర్‌కి గో అనేది ఒక అక్షరం కాదు, గ ఒకటి, ఓత్వం ఒకటి. యూనికోడ్ లెక్కలో గ ఎల్ వర్గం, అంటే అక్షరం. ఓత్వం, దీర్ఘం, గుడి, సున్న, ఒత్తుల కోసం వాడే పొల్లు ఇవన్నీ ఎం వర్గం, అంటే పక్క అక్షరానికి అతుక్కునే గుర్తులు. పైథాన్ రీ మాడ్యూల్‌లో "మాటలో అక్షరం" అనే క్లాస్ (బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ) అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ని ఒప్పుకుంటుంది, ఎం వర్గాన్ని ఒప్పుకోదు. స్లగిఫై ఆ క్లాస్‌లో లేనివన్నీ తీసేస్తుంది. రాష్ట్రం ఇచ్చి చూడండి, రషటర వస్తుంది. అలౌ_యూనికోడ్ ఇవ్వకపోతే ఇంకా ఘోరం: తెలుగు మొత్తం పోయి ఖాళీ స్ట్రింగ్ మిగులుతుంది.

సొంత ఫంక్షన్ పది లైన్లలో అయిపోతుంది:

ముందు ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే ఒకేలా కనిపించేవాటిని ఒకే కోడ్ రూపంలోకి తేవడం. ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం కోడ్ పక్కన ఇంకో గుర్తు కోడ్ పెట్టి రెండుగానూ రాయొచ్చు. రైతు అనే మాట రెండు రకాలుగా వస్తే కంటికి ఒకటే, డేటాబేస్‌కి రెండు.

తర్వాత 200సీ, 200డీ అనే కనిపించని గుర్తుల కోడ్‌లు తీసేయండి. సాఫ్ట్‌వేర్ అని టైప్ చేసేటప్పుడు ట్ తర్వాత కీబోర్డు పెట్టే కనిపించని గుర్తు 200సీ. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. స్లగ్‌లో ఎప్పుడూ లేకుండా చేస్తే ఇద్దరి స్లగ్గూ ఒకటవుతుంది.

ఆ తర్వాత ఒక్కో గుర్తుకీ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని క్యాటగిరీ అడగండి. ఆ క్యాటగిరీ పేరులో మొదటి అక్షరం ఎల్, ఎం, ఎన్ (అంకెలు) అయితే ఉంచండి, లేకపోతే ఖాళీ పెట్టండి. చివర ఖాళీల వరుసలన్నిటినీ ఒక్కో హైఫన్ చేసి, రెండు చివర్లా మిగిలిన హైఫన్లు తీసేయండి. జావాస్క్రిప్ట్‌లో అయితే యూ ఫ్లాగ్ పెట్టి ఇవే మూడు వర్గాల ప్రాపర్టీ క్లాసులు వాడాలి; యూ ఫ్లాగ్ ఉన్నా బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అక్కడ తెలుగు అక్షరాన్ని గుర్తించదు.

ఫంక్షన్ బాగుపడ్డాక జాంగోలో ఇంకో రెండు చోట్ల ఇదే గోడ తగులుతుంది. స్లగ్‌ఫీల్డ్‌కి అలౌ_యూనికోడ్ ఇచ్చినా దాని వ్యాలిడేటర్ కూడా అదే క్లాస్ వాడుతుంది, గుణింతం ఉన్న స్లగ్‌ని అడ్మిన్ ఫారంలో తిప్పికొడుతుంది. క్యార్‌ఫీల్డ్ పెట్టి సొంత వ్యాలిడేటర్ రాయండి. యూఆర్ఎల్ పాత్‌లో స్లగ్ కన్వర్టర్ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే పడుతుంది, తెలుగు స్లగ్‌కి 404 ఇస్తుంది. అక్కడ ఎస్‌టీఆర్ కన్వర్టర్ వాడండి.

పొడవు కూడా చూసుకోవాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ 3 బైట్లు, యూఆర్ఎల్‌లో పర్సెంట్ గుర్తులతో 9 గుర్తులు. గోదావరి అంటే గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి: 7 కోడ్‌లు, కాపీ చేసి పంపితే 63 గుర్తులు. స్లగ్‌ని ఐదారు మాటల దగ్గర ఆపండి, ఆపేది హైఫన్ దగ్గరే ఆపండి. కోడ్‌లు లెక్కపెట్టి మధ్యలో కోస్తే పొల్లు దగ్గర తెగి, ఒత్తు లేని సగం అక్షరం మిగులుతుంది.

ఇదే 3 బైట్ల లెక్క పోస్ట్‌గ్రెస్‌లోనూ పనికొస్తుంది. అక్కడ టేబుల్, కాలమ్ పేర్లకి హద్దు 63 బైట్లు. ఎక్సెల్ హెడ్డింగులనుంచి తెలుగు కాలమ్ పేర్లు నేరుగా తయారుచేస్తే 21 కోడ్‌లు దాటినవన్నీ కత్తిరిస్తుంది, ఒక నోటీసు మాత్రమే ఇస్తుంది. మొదటి 21 కోడ్‌లు ఒకటే అయిన రెండు హెడ్డింగులుంటే ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని టేబుల్ క్రియేట్ కాదు. కోట్‌లు పెట్టని పేర్లను పోస్ట్‌గ్రెస్ చిన్నబడి చేసేస్తుందని కూడా తెలుసుకోండి: యూజర్^ఐడీ అని క్వెరీ రాస్తే అది యూజర్ఐడీ కాలమ్ కోసం వెతికి, లేదంటుంది. మన లిపికి పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి తెలుగు పేరుకి ఆ బెడద లేదు, అలాగే క్యామెల్ కేస్ అనే వీలూ లేదు. తెలుగులో మాటల హద్దు చూపాలంటే గీతే దిక్కు.

టెస్టుకి కడప, వరద కాకుండా ఈ మాటలు పెట్టండి: గోదావరి, రాష్ట్రం, రైతు (ఐత్వం రెండు రకాలుగా), సాఫ్ట్‌వేర్ (200సీతో ఒకసారి, లేకుండా ఒకసారి), స్వాతంత్ర్యం, దుఃఖం.